దసరాకు యాట తెచ్చుకుంటున్నారా? అంగడి నుంచి ఎండు తునకల దాకా

దసరా దగ్గర పడుతుంటే వరంగల్ చుట్టుపక్కల ప్రతి కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ మొదలవుతుంది. పొద్దున్నే లేచి మటన్ దుకాణం ముందు లైన్లో నిలబడదామా, లేక నలుగురం కలిసి ఒక యాటను, అంటే మేకనో గొర్రెనో, తెచ్చుకుని పోగులేసుకుందామా అని. రెండోదానికి సిద్ధపడ్డవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఊర్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇందులో సగం తెలిసిందే ఉంటుంది, కానీ హన్మకొండలో ఫ్లాట్ తీసుకుని, ఊరికి ఏడాదికి రెండుసార్లు పోయే మనలాంటి వాళ్లకు బోటి ఎట్లా కడగాలో కూడా తెలియని పరిస్థితి వచ్చేసింది.

ముందే చెప్తున్నా, చవక పడుతుందని మాత్రం దీంట్లో దిగకండి. లెక్క చూడండి. 24 కిలోల మేకపోతును లైవ్ కిలో 450 రూపాయల చొప్పున కొన్నారనుకుందాం (ధర అంగడికో రకంగా, పండుగ ముందు ఇంకో రకంగా ఉంటుంది, లెక్క పద్ధతి కోసం చెప్తున్నాను). 10,800 అయింది. తోలు, తల, కాళ్లు, లోపలి సామాను తీసేస్తే బొక్కలతో కలిపి మిగిలే మాంసం బతికున్నప్పటి బరువులో 45 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది, అంటే ఇక్కడ 11 కిలోలు. అలా చూస్తే కిలో దాదాపు 980 పడింది, దుకాణం రేటుకు పెద్ద తేడా ఏమీ లేదు. తలకాయ, కాళ్లు, కార్జం, బోటి, నల్ల (రక్తం) ఇంకో మూడు కిలోల దాకా వస్తాయి, అవన్నీ మీరు నిజంగా వండుకుని తింటేనే కిలో 770 లెక్కన గిట్టుబాటవుతుంది. వాటిని 'అబ్బా ఎవరు కడుగుతారు' అని పారేసేవాళ్లయితే హాయిగా దుకాణానికి పోయి కిలోన్నర తెచ్చుకోండి, అదే నయం. కోత కూలీ కూడా మర్చిపోవద్దు.

కాబట్టి యాట కొనడం కంటే దాన్ని ఏ వరుసలో వండుకుంటామన్నది ముందు ఆలోచించాలి. తొందరగా పాడయ్యేది ముందు, ఆగేది తర్వాత, అసలు ఆగగలిగేది ఎండలోకి. ఈ వరుస మనసులో ఉంటే ఏదీ వృథా కాదు.

ఆ వరుసలోకి పోయేముందు ఇంకో విషయం. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు కొలరాడో వైపు ఎల్క్ వేటకు పోయి ఫోటోలు పెడుతుంటారు. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్దదైన దుప్పి జాతి జంతువు, అక్కడ లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, చెప్పిన చోటే వేటాడాలి, వేటాడాక నాలుగు కాళ్ల కండ, వీపు మీది కండ లాంటి తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేస్తే నేరం కూడా. బాగుంది. కానీ తల, కడుపు, పేగులు వదిలేసినా అక్కడి చట్టం ఏమీ అనదు, చాలామంది వదిలేస్తారు కూడా. బోటి కూర తినే మనకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఫోటోలు చూసి ఇక్కడ ఎవరికైనా ఉత్సాహం వస్తే మాత్రం అణచుకోండి. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు 'అడవి మాంసం ఉంది అన్నా, కిలో ఇంత' అని ఎవరైనా చెవిలో చెప్పినా సరే కొనొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటాడడమే కాదు, ఆ మాంసం కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే, కొన్ని జంతువులకైతే ఏడేళ్ల దాకా జైలు ఉంది. పండుగ పూట ఆ టెన్షన్ ఎందుకు.

పోగుల గుంపు

20 నుంచి 25 కిలోల యాటకు నాలుగు నుంచి ఆరు ఇళ్లు సరిపోతాయి. ఎనిమిది ఇళ్లయితే ఒక్కొక్కరికి వచ్చేది కిలో చిల్లరే, దానికంత హడావుడి అనవసరం. డబ్బులు ముందే వసూలు చేసుకోండి, పండుగ అయ్యాక బావమరిది దగ్గర బాకీ అడగడం అంత చేదు పని ఇంకోటి లేదు. మాట్లాడుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. హలాల్ చేయించాలా వద్దా, ఎవరింట్లోనైనా నల్ల తినరా, తలకాయ పగలగొట్టి అందరికీ పంచాలా లేక ఒకరికే ఇచ్చి ఈసారి మీకు, వచ్చేసారి మాకు అనుకోవాలా. గుంపులో ముస్లిం కుటుంబం ఉంటే హలాల్ చేయించడం మర్యాద, వాళ్లు నల్ల ముట్టరు కాబట్టి ఆ పోగులో ఇంకో రెండు ముక్కలు కార్జం వేస్తే సరి.

తేదీ కూడా చూసుకోండి. 2025లో దసరా సరిగ్గా అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడింది. ఆరోజు మాంసం దుకాణాలు బంద్ ఉంటాయి కాబట్టి ముందురోజే కోయించి పెట్టుకున్నవాళ్లు తిన్నారు, మిగతావాళ్లు గారెల్లోకి కోడికూర కూడా దొరక్క తిట్టుకున్నారు.

అంగడిలో

పండుగకు ముందురోజు అంగడికి పోతే మిగిలినవే దొరుకుతాయి, పైగా బేరం ఉండదు. వారం ముందు అంగడికి పోండి, లేదా తెలిసిన గొల్లకురుమ ఇంటికి నేరుగా పోయి మందలోనే ఎంచుకోండి. నా ఓటు రెండోదానికే. మందలో ఉన్న యాట ఏం తింటుందో, మిగతావి ఎట్లా ఉన్నాయో కళ్లతో చూడొచ్చు, అంగడిలో అయితే తెల్లవారుజామున ఉప్పు దాణా పెట్టి, కడుపు నిండా నీళ్లు తాగించి తెచ్చిన సరుకు కూడా తూకం ఎక్కుతుంది. ఆ నీళ్లకు మనం కిలో లెక్కన డబ్బు కడతాం.

నోరు తెరిచి పండ్లు చూడండి. మేకకైనా గొర్రెకైనా ముందు పండ్లు కింది దవడకే ఉంటాయి, పైన ఉండవు, కాబట్టి 'పై పండ్లు రాలిపోయినయ్, ముసలిది' అని బేరమాడి పరువు తీసుకోవద్దు. ఎనిమిదీ చిన్న పాలపండ్లే అయితే ఏడాది లోపుది. మధ్యలో రెండు పెద్ద పండ్లు వచ్చాయంటే ఏడాది దాటి ఏడాదిన్నరకు అటూ ఇటూ. నాలుగంటే రెండేళ్ల దగ్గర, ఆరంటే మూడేళ్ల దగ్గర. కూరకైతే పాలపండ్లది లేదా రెండు పండ్లది చాలు. ఎండు తునకలు, కాళ్ల పులుసు ఎక్కువ చేసుకోవాలనుకుంటే నాలుగు పండ్లది కూడా బాగుంటుంది, రుచి గట్టిగా ఉంటుంది, కాకపోతే ఉడకడానికి గ్యాస్ ఖర్చు.

కాటా లేకపోతే టేపు పట్టుకెళ్లండి. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టూ కొలత, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో. ఛాతీ కొలతను దాంతోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. ఛాతీ 26, పొడవు 24 అయితే ఇరవై నాలుగున్నర కిలోలన్నమాట. పక్కాగా రాదు, కానీ 'ముప్పై కిలోలకు తగ్గదు తమ్మీ' అనేవాడి ముందు ఫోన్ తీసి లెక్క చూపిస్తే వాడి గొంతు కొంచెం దిగుతుంది.

ఆరోగ్యం సంగతి. ముక్కు కారడం, దగ్గు, తోక కింద పారుడు అంటుకుని ఉండడం, మందలో ఒంటరిగా తల వాల్చి నిలబడడం, వీటిలో ఏది కనిపించినా వదిలేయండి. కింది కనురెప్పను వేలితో కిందికి లాగి చూడండి, లోపల ఎర్రగా గులాబీ రంగులో ఉంటే మంచిది, తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నాయని అర్థం. ఈమధ్య నట్టల మందు గానీ సూదిమందు గానీ వేశారా అని అడగండి. వేసి ఉంటే రెండు మూడు వారాలు ఆగాకే కోయడం మంచిది, అంత ఆగలేకపోతే ఇంకోటి చూసుకోండి. నడుము మీద చెయ్యి వేసి తడిమితే వెన్నుపూసలు కొంచెం తగలాలి కానీ గుచ్చుకోకూడదు. అసలు తగలకపోతే అంతా కొవ్వే.

మేకనా గొర్రెనా అంటే ఇల్లిల్లుకూ ఒక్కో పట్టుదల. కొవ్వు తక్కువ కావాలంటే మేక. బగారన్నంలోకి జిడ్డు తేలే కూర కావాలంటే గొర్రెపొట్టేలే. నల్ల ఉన్నితో ఉండే మన దక్కని గొర్రె, గొంగళ్లు నేసేది దీని ఉన్నితోనే, ఇప్పుడు వెతికితే గానీ కనిపించడం లేదు. 2017లో ప్రభుత్వ గొర్రెల పంపిణీ మొదలై 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు బయటి రాష్ట్రాల నుంచి లారీల కొద్దీ వచ్చాయి కదా, అందుకని అంగడిలో పొడుగు కాళ్ల నెల్లూరు రకాలే ఎక్కువ. నాకైతే దక్కనిదే రుచి, కానీ దీని మీద మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. మేకపోతు తీసుకుంటే మాత్రం చిన్నప్పుడే విత్తులు నొక్కించినది చూడండి, ముదురు పోతుకు కొమ్ముల వెనక గ్రంథుల నుంచి వచ్చే వాసన కూరలో కూడా పోదు. ఆడదాన్ని అమ్మజూపితే చూడిదేమో అని అనుమానించండి. చూడి పశువును, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదని 2001 నాటి కబేళా నిబంధనల్లోనే ఉంది.

తీసుకొచ్చేటప్పుడు నాలుగు కాళ్లూ కట్టేసి బైకు వెనక అడ్డంగా వేసుకొచ్చే పని చేయకండి. జాలి సంగతి ఒకవైపు, మాంసం సంగతి కూడా చూడాలి. బెదిరి, అలిసిపోయిన జంతువు కండల్లో చక్కెర అయిపోయి ఉంటుంది. కోశాక మాంసం పుల్లబడాల్సినంత పుల్లబడదు, నల్లగా, జిగురుగా ఉండి తొందరగా వాసన వస్తుంది. ఆటోలో నిలబెట్టి తెచ్చి, ఒకరోజు ముందే చెట్టు కింద కట్టేసి, ఆరాత్రి మేత ఆపేసి నీళ్లు మాత్రం పెట్టండి. పన్నెండు గంటల పస్తు చాలు, కడుపు ఖాళీ అయి పొద్దున బోటి కడిగేవాళ్లు మీకు దండం పెడతారు.

కోత

యూట్యూబ్ చూసి మీరే కత్తి పట్టొద్దు. పని తెలిసిన కటికాయనను వారం ముందే మాట్లాడుకోండి, పండుగ పొద్దున ఆయన పది ఇళ్లు తిరగాలి. కార్పొరేషన్ పరిధిలో రోడ్డు మీదో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో కోయించొద్దు. పట్టణంలో లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలన్నది రూలు, పక్కింటివాళ్లతో గొడవ వేరే. చాలామంది కబేళాలో కోయించి తెచ్చుకుంటారు, లేదంటే ఊర్లో అన్నదమ్ముల ఇంటి దగ్గర పెట్టుకుంటారు. టైము మాత్రం తెల్లవారి ఐదు, ఆరు మధ్య. ఎండ ఎక్కాక ఈగలు, వేడి, రెండూ మన మీదికే వస్తాయి.

కోసేవాడికి పని వచ్చినా మీరు దగ్గర నిలబడి చూడాల్సినవి ఉన్నాయి. తోలు పట్టుకున్న చెయ్యి కడగకుండా మాంసం ముట్టకూడదు, పోతు వాసన అలాగే ఎక్కుతుంది. పొట్ట చీల్చేటప్పుడు పేగు తెగకూడదు, తెగితే ఆ భాగాన్ని అక్కడికక్కడే కోసి పక్కన పెట్టాలి తప్ప బకెట్ నీళ్లు గుమ్మరించి మాంసం మొత్తానికి పూయొద్దు. కార్జానికి అంటుకుని ఉండే పచ్చటి చేదు తిత్తిని పగలకుండా తీయాలి.

కార్జం, ఊపిరితిత్తులు చేతిలోకి తీసుకుని చూడండి. కార్జం ముదురు ఎరుపులో నున్నగా ఉండాలి. కోస్తే గొట్టాల్లోంచి ఆకుల్లా చదునుగా ఉండే పురుగులు వస్తే అవి కార్జపు జలగలు, కుంటల గట్ల మీద మేసే వాటికి ఎక్కువ, ఆ కార్జం పారేయాల్సిందే. ఊపిరితిత్తుల మీద, కార్జం మీద నీళ్ల బుడగల్లాంటి తిత్తులు ఉంటే వాటిని పగలగొట్టకండి, ముఖ్యంగా వాకిట్లో కాచుకు కూర్చున్న కుక్కలకు వేయకండి. అవి కుక్క కడుపులోకి పోతే బద్దెపురుగులవుతాయి, వాటి గుడ్లు కుక్క మలం ద్వారా మళ్లీ గొర్రెలకూ మన పిల్లలకూ వస్తాయి. లోతుగా గుంత తీసి పూడ్చాలి, లేదా కాల్చేయాలి. మిగతా మాంసం బాగుంటే తినొచ్చు. అనుమానం ఉంటే పశువైద్యుడికి ఫోటో పంపి అడగండి.

దీనికంటే పెద్ద జాగ్రత్త ఒకటుంది. 'నిన్న రాత్రి ఉన్నట్టుండి పడిపోయింది, సగం ధరకు ఇస్తా' అని ఎవరైనా అంటే దగ్గరికి కూడా పోవద్దు. దొమ్మరోగం (ఆంత్రాక్స్) అయితే ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంది, ఆ శవాన్ని కోయడమే ప్రమాదం, కోసినవాళ్లకూ తిన్నవాళ్లకూ అంటుకుంటుంది. పశువుల డాక్టరుకు చెప్పి, కోయకుండా పూడ్పించాలి.

పోగులు వేయడం

మాంసం కొట్టడానికి చింత మొద్దును మించింది లేదు, గట్టిగా ఉండి పొట్టు లేవదు. కింద శుభ్రమైన షీటు పరిచి, దాని మీద టేకాకులో మోదుగాకులో వేసుకోండి. ముందు ఎన్ని ఇళ్లో అన్ని చోట్ల కార్జం, తర్వాత తొడ కండ, తర్వాత పక్కటెముకలు, నల్లిబొక్కలు, మెడ, చివరికి కొవ్వు, ఇలా ఒక్కో రకాన్ని అన్ని పోగుల్లోకీ పంచుకుంటూ పోవాలి. మొత్తం కలిపేసి కాటా మీద తూచితే బరువు సమానంగా వస్తుంది కానీ ఒకరికి బొక్కలు, ఇంకొకరికి కండ పోతుంది, గొడవంతా అక్కడే. పోగులయ్యాక ఒకర్ని అటు తిరిగి నిలబడమని, వెనక ఒకరు పోగు మీద చెయ్యి పెట్టి 'ఇది ఎవరిది?' అని అడిగితే చూడకుండా పేరు చెప్పాలి. చీటీలు వేసినా అంతే, కానీ ఇందులో నవ్వులు ఎక్కువ.

ఏది ఎప్పుడు వండాలి

మొదట నల్ల. గిన్నెలో గుప్పెడు ఉప్పునీళ్లు పోసి పట్టింది గడ్డకట్టాక ముక్కలు కోసి, మరిగే నీళ్లలో వేసి పావుగంట ఉడికించండి, ముక్క విరిస్తే లోపల ఎరుపు కనిపించకూడదు. చల్లారాక చిదిమి ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వెల్లుల్లితో వేయించి కొత్తిమీర చల్లుకుంటే పొద్దున తొమ్మిదికల్లా జొన్నరొట్టెలోకి టిఫినైపోతుంది. దీన్ని ఫ్రిజ్‌లో పెట్టి రేపు చూద్దాం అనుకోవద్దు.

కార్జం, గుండెకాయ, గుర్దాలు మధ్యాహ్నానికి. కార్జాన్ని పెద్ద మంట మీద ఐదారు నిమిషాల్లో దించాలి, ఉప్పు చివర్లో వేయాలి, లేదంటే రబ్బరే. పిల్లలకు, రక్తం తక్కువున్నవాళ్లకు మంచిదని అందరం వాళ్ల పళ్లెంలో వేస్తాం, నిజమే ఐరన్ బాగా ఉంటుంది, కానీ విటమిన్ ఏ కూడా విపరీతంగా ఉంటుంది కాబట్టి గర్భిణులకు ప్రేమతో రెండోసారి వడ్డించకండి. యూరిక్ యాసిడ్ ఉన్న పెద్దనాన్న సంగతి మీకే తెలుసు.

ఇక బోటి. ఆరోజే కడగాలి, ఆరోజే కనీసం ఉడకబెట్టాలి, వేరే దారి లేదు. పెద్ద సంచిని చీల్చి లోపలి మేతను ఎరువు గుంతలో దులిపేయండి, అది మంచి ఎరువు, డ్రైనేజీలో వేస్తే కాలనీ అంతా మీ పేరే తలుస్తుంది. చల్లటి నీళ్లతో నాలుగైదుసార్లు కడిగాక వేడినీళ్లు. ఇక్కడే చాలామందికి తేడా కొడుతుంది. మరిగే నీళ్లు పోస్తే పైన నల్లటి పొర ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చెయ్యి పెడితే చురుక్కుమని వెంటనే తీసేయాలనిపించేంత వేడి చాలు. ఒక మూల ముంచి గోటితో గీకి చూడండి, పొర జారితే సరైన వేడి, మొత్తం ముంచి రెండు నిమిషాల్లో తీసి కత్తి వెనక వైపుతో గీకేయండి. కొంచెం తినే సున్నం పూసి గీకితే ఇంకా తేలిక, తర్వాత బాగా కడగాలి. గళ్లు గళ్లుగా ఉండే చిన్న సంచికి ఇదే పద్ధతి. పుస్తకం పేజీల్లా మడతలున్న సంచి ఉంటుంది చూడండి, దాని ప్రతి మడతా తెరిచి కడగాలి, అంత ఓపిక లేకపోతే దాన్ని వదిలేయండి, నేనేమీ అనుకోను. పేగులను సన్నటి పుల్లతో తిరగేసి, ఉప్పు, పసుపుతో రుద్ది కడగాలి.

కడిగిన బోటిని పసుపు, ఉప్పు, అల్లం వేసి ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోయండి. తర్వాత ముక్కలు కోసి కుక్కర్లో ఎనిమిది, పది విజిల్స్. ఉల్లిగడ్డ, అల్లంవెల్లుల్లి, కారం, ధనియాల పొడి, ఎండుకొబ్బరి వేయించి, నానబెట్టిన శనగపప్పు వేసి దగ్గరికి వచ్చేదాకా వండితే అదే కూర. శనగపప్పు లేకుండా బోటి వండేవాళ్లున్నారు, వాళ్లతో నాకు గొడవ లేదు, తినడానికి మాత్రం పోను.

తలకాయ, కాళ్లు ఆరోజే కాల్చి, గీకి, పసుపు రాసి పెట్టుకుంటే వండడం రేపటికి ఆగుతుంది. కట్టెల మంట మీద కాలిస్తే వచ్చే వాసన గ్యాస్ మీద రాదు, కానీ ఫ్లాట్‌లో కట్టెలు పెట్టలేం కదా, కాల్చి ఇచ్చే బండ్లవాళ్ల దగ్గర చేయించండి. గొర్రె కాళ్లయితే గిట్టల మధ్య చీలికలో వెంట్రుకలతో నిండిన చిన్న తిత్తి ఉంటుంది, దాన్ని తీసేయకపోతే పులుసంతా గొర్రె వాసన. కాళ్ల పులుసు రాత్రంతా సన్నటి మంట మీద ఉంచేది, కుక్కర్లో అయితే గంట. మరునాడు చల్లారి గడ్డకట్టిందంటే సరిగ్గా వచ్చినట్టు.

మాంసం ఎందుకు గట్టిగా ఉంటుంది

'ఇంత లేత యాట తెచ్చినా ముక్క ఉడకలేదు' అని దసరా మధ్యాహ్నం చాలా ఇళ్లలో వినపడే మాట. తప్పు యాటది కాదు, టైముది. కోసిన గంట, రెండు గంటల్లో పొయ్యి మీదికెక్కిన మాంసం మెత్తగా ఉడుకుతుంది, పెళ్లి వంటవాళ్లు చేసేది అదే. ఆ తర్వాత కండలు బిగుసుకోవడం మొదలవుతుంది, ఆ బిగువు సడలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. సరిగ్గా మధ్యలో వండితే మనకు దొరికేది చెప్పు ముక్కే. అందుకని మధ్యాహ్నం కూరకు ఎంత కావాలో అంత పొద్దున ఏడుకల్లా పొయ్యి మీద పెట్టేయండి, మిగతాది రేపటికి ఆపండి. తప్పనిసరై మధ్యలో వండాల్సి వస్తే పచ్చి బొప్పాయి రుబ్బి పట్టించి, కుక్కర్‌నే నమ్ముకోండి.

ఇంకో అలవాటు, వెచ్చగా ఉన్న మాంసాన్ని నేరుగా ఫ్రీజర్లో వేయడం. బిగుసుకునే లోపే అంత చల్లదనం తగిలితే కండ ముడుచుకుపోయి ఎప్పటికీ గట్టిగానే ఉండిపోతుంది. నీడలో గాలికి ఒక గంట ఆరనిచ్చి, ఆపై ఫ్రిజ్ కింది అరలో మూత వదులుగా పెట్టి ఒక రోజు ఉంచండి, ఆ తర్వాతే అరకిలో ప్యాకెట్లు కట్టి, చదునుగా నొక్కి, తేదీ రాసి ఫ్రీజర్లోకి. మన కరెంటుకు, మన ఫ్రీజర్లకు రెండు నెలల్లోపు వాడేయడం మంచిది. వండేముందు రాత్రి కింది అరలోకి దించుకోవాలి, వేడినీళ్లలో వేసి కరిగించొద్దు.

తునకలు

మిగిలిన తొడ కండను ఎండబెట్టండి. కొవ్వు, పొరలు పూర్తిగా తీసేయాలి, కొవ్వు ఉంటే నెలకే కంపు పడుతుంది. కండను నారల పొడవునా, చిటికెన వేలి కంటే సన్నగా పొడుగు పట్టీల్లా కోసి, కిలోకు 40 నుంచి 50 గ్రాముల ఉప్పు, ఒక చెంచా పసుపు, కావాలంటే కొంచెం కారం పట్టించి రెండు గంటలు ఉంచండి. కారిన నీళ్లు పిండేసి దండెం మీద ఒకదానికొకటి తగలకుండా వేలాడదీసి, చుట్టూ దోమతెర కట్టండి. ఈగ కంటే పిల్లితో ఎక్కువ జాగ్రత్త. అక్టోబర్లో మన దగ్గర ఎండను నమ్మలేం, మబ్బు పడితే ఫ్యాన్ కిందికి మార్చాలి, ఊర్లో అయితే పొయ్యి మీద పొగకు కట్టేవాళ్లు, అది ఇంకా రుచి. మంచి ఎండ మూడు నాలుగు రోజులు తగిలితే పట్టీ వంగకుండా పుటుక్కున విరగాలి. వంగుతుంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. కిలో కండకు మూడోవంతు మిగులుతుంది, చూస్తే బాధేస్తుంది కానీ నీళ్లే పోయాయి.

గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి, నెలకోసారి మళ్లీ ఎండ చూపిస్తుంటే నాలుగు నెలలు ఉంటాయి. వండేటప్పుడు పెనం మీద కాసేపు వేయించి, రోట్లో ఒక దెబ్బ వేసి, గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టండి. పుంటికూరలో వేయండి, లేదా వంకాయతో. పచ్చి చింతకాయ దొరికే రోజుల్లో దంచి పులుసు పెడితే ఇంకేదీ అక్కర్లేదు. ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి చివర్లో రుచి చూసి వేసుకోండి.

తోలు సంగతి చాలామంది అడుగుతారు. ఒకప్పుడు తోలు అమ్మితే కోత కూలీ వచ్చేసేది, ఇప్పుడు కొనేవాళ్లే లేరు, చాలా ఊర్లలో కోసినాయనే తీసుకుపోతాడు. మీ దగ్గర డప్పు కట్టేవాళ్లు ఉంటే మేకతోలు వాళ్లకు పనికొస్తుంది, కత్తి గాట్లు లేకుండా తీయమని ముందే చెప్పి, తీసిన రెండు మూడు గంటల్లోపు లోపలి వైపు దొడ్డుప్పు మందంగా పట్టించి మడిచి ఇవ్వండి. తోలు బరువులో సగం ఉప్పు పడుతుంది, చిటికెడు చల్లితే మర్నాటికి వెంట్రుక ఊడుతుంది. బొక్కలు ఉడికించి రసం తీశాక మిగిలినవి, గిట్టలు, కొమ్ములు అన్నీ గుంతలోకే, పైన రెండడుగుల మట్టి, దాని మీద ఒక పెద్ద రాయి పెట్టండి, లేకపోతే ఆ రాత్రే కుక్కలు తవ్వేస్తాయి.